కింది రెప్పలో ఎరుపు

ఆ మధ్య ఒకనాడు పొద్దున్నే రక్తం తీసే అమ్మాయి ఒకతి భుజానికి ఐసు డబ్బా తగిలించుకొని స్కూటీ మీద మా ఇంటికి వచ్చింది. ఉప్పుగూడ స్టేషను వెనక మా సందు ఎంత ఇరుకో తెలిసినవాళ్ళకు తెలుసు, ఆ స్కూటీ ఆపడానికే ఎదురింటివాళ్ళు గడప ముందరి కుర్చీ లోపలికి తీయవలసి వచ్చింది. మా పెద్ద తోటికోడలి కూతురు, తల్లి పోయాక నేను పెంచిన పిల్ల, ఇప్పుడు దానికీ జుట్టు నెరుస్తున్నదనుకోండి, మంచం అంచున కూర్చొని చెయ్యి చాపింది. సూది దిగడం చూడలేక నేను దాని ముఖం వంక చూశాను. కింది రెప్పలు రెండూ ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు నన్ను పట్టుకుపోయి మా పాత వాకిట్లో నిలబెట్టింది.

నా ఈడు ఆడవాళ్ళు తమ ఇళ్ళలో ఈ పద్ధతి చూసే ఉంటారు. మా అత్త శుక్రవారం తలస్నానాలు అయినాక కోడళ్ళను ఒక్కొక్కరినే వెలుతురులోకి పిలిచి, బొటనవేలితో కంటి కింది రెప్పను కిందికి లాగి చూసేది. లోపల తెల్లగా ఉంటే రక్తం తక్కువైందని లెక్క. ఆ కోడలికి మేక కార్జం కూర, నువ్వుల ముద్ద, మధ్యాహ్నం కాసేపు నడుము వాల్చే సెలవు దొరికేవి. ఎర్రగా ఉంటే ఇక మాట లేదు, పోయి పని చూసుకోవడమే. కార్జం మీది ఇష్టం వల్లనో ఏమో, నా రెప్పలు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి.

పని అంటే చింతపండు పని. ఉస్మాన్‌గంజ్ నుంచి బస్తాలు వచ్చేవి, మేము గింజ తీసి, ఈనె లాగి, ముద్దలు కట్టి పంపేవాళ్ళం. వేళ్ళ సందుల్లో పులుపు దిగి మండుతుంటే పాటలు పాడుకొనేవాళ్ళం. ఆ పాట ఎత్తుకొనేది మా పెద్ద తోటికోడలే. నేను అక్కా అనే పిలిచేదాన్ని. ఆమె గొంతు విప్పితే బస్తా ఎప్పుడు ఖాళీ అయ్యేదో తెలిసేది కాదు.

కూతురు నడక నేర్చిన ఏడాది అక్క పాట ఆగిపోయింది. కారణం అడిగితే ఇవాళ్టికీ నేను చెప్పలేను. ఇంట్లో లొల్లి లేదు, రైల్వేలో పనిచేసే మా బావ తాగేవాడు కాడు, గట్టిగా మాట్లాడేవాడూ కాడు. ఆమె మాత్రం చింతపండు చేతిలో పట్టుకొని గోడ వంక చూస్తూ ఉండిపోయేది. పిలిస్తే ఉలిక్కిపడి నాలుగు గింజలు తీసి మళ్ళీ ఆగేది. కలిపిన అన్నం కలిపినట్టే ఆరిపోయేది. దిష్టి తీశారు, గుడికి తిప్పారు, దర్గా నుంచి మంత్రించిన నీళ్ళు తెచ్చి తాగించారు. అన్నీ తాగింది, అన్నిటికీ తల ఊపింది.

శుక్రవారం రెప్ప లాగితే మాత్రం అందరికన్నా ఎరుపు ఆమెకే. మా అత్త చెడ్డ మనిషి కాదు, తన బొటనవేలి మీద ఆమెకు నమ్మకం ఎక్కువ.

“రక్తం మస్తుగున్నది. ఇంక రోగమేంది నీకు? లే బిడ్డా, బస్త అట్లనే ఉన్నది,” అనేది.

ఒకసారి మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ, పండక్కి చింతపండు అడగడానికి వచ్చిన మనిషి, గోడ దగ్గర నిలబడి ఇదంతా చూసింది. మా అత్తకూ ఆమెకూ మాటలు ఎప్పుడూ సూటిగానే నడిచేవి.

“అరె అక్కా, గది రక్తం గాదు. ఏడ్చిన కండ్లు గట్లనే ఉంటయ్,” అన్నది ఖాలా.

“ఏడ్వనీకి ఏం తక్కువైంది గామెకు? తిండా, బట్టా?” అని మా అత్త విరుచుకుపడింది.

“తక్కువైతెనే ఏడుస్తరా ఏంది? రేపు ఉల్లిగడ్డలు కోసినంక నీ రెప్ప గుంజి చూస్కో, పహిల్వాన్ లెక్క రక్తముంటది నీకు!”

వాకిలంతా ఘొల్లుమన్నది. మా అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అక్క పెదవి కూడా కాస్త కదిలినట్టు నాకు గుర్తు. ఆ నవ్వులో అసలు మాట కొట్టుకుపోయింది. ఖాలా చింతపండు తీసుకొని వెళ్ళిపోయింది, మేము బస్తా ముందర కూర్చున్నాం.

తర్వాతి చలికాలంలో అక్క కాలి మీద చిన్న పుండు లేచి ఎంతకూ మానలేదు. మాటిమాటికీ నీళ్ళు తాగేది, తర్వాత జ్వరం పట్టుకొంది. ఆటోలో మూసీ దాటించి అఫ్జల్‌గంజ్ దవాఖానకు తీసుకుపోయారు. ఆమె రక్తాన్ని ఎవరైనా నిజంగా చూసింది అక్కడే, అదీ మొదటిసారి. చక్కెర విపరీతంగా ఉన్నదన్నారు, పుండు విషం రక్తంలో పాకిందన్నారు. తిండి, నిద్ర సరిగా లేక ఎన్నాళ్ళయిందని డాక్టరు మా బావను అడిగాడట. అక్క మళ్ళీ ఇంటికి రాలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ మా అత్త ఒకటే చెప్పేది, రక్తం మంచిగనే ఉండె, ఉన్నట్టుండి పోయింది అని. ఆ మాట మా ఇంట్లో ఉండిపోయింది. తల్లి ఏమైందని అడిగినప్పుడల్లా ఆ పసిదానికి అందరూ అదే చెప్పారు.

ఆ పసిది పెద్దదై జాకెట్లు కుట్టడం నేర్చి, పెళ్ళయ్యాక మా పై వాటాలోనే ఉంటున్నది. దాని మిషను చప్పుడు వింటూ నేను మధ్యాహ్నం కునుకు తీసేదాన్ని. కిందటేడు ఆ చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది. పైకి వెళ్ళి చూస్తే సూది కింద సగం కుట్టిన జాకెట్టు, దాని మీద చెయ్యి, చూపు గోడ మీద.

అల్లుడు మంచివాడు, ఆలస్యం చేయక మనసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడ మందులు రాసి, రక్తం కూడా చూపించమన్నది. మనసు కుంగినవాళ్ళకు ఒంట్లో కూడా చెడు మొదలవుతుందట, చక్కెర పెరగడం, లోలోపల వాపు లాంటివి రక్తంలో ముందే కనబడుతాయట, అవి పట్టించుకోకపోతే అలాంటివాళ్ళ ప్రాణానికి ముప్పు ఎక్కువట. నాకు అర్థమైనంత ఇది. మా పిల్ల మాత్రం ససేమిరా అన్నది. వారాలు గడిచినా చెయ్యి చాపలేదు.

“మా అమ్మకు రక్తం మంచిగనే ఉండె గద చిన్నమ్మా. అయినా పోయింది. నాది చూసి ఏం చేస్తరు?”

ఆ రోజు దాని పక్కన కూర్చొని, శుక్రవారాల సంగతి మొదటినుంచీ చెప్పాను. “మీ అమ్మ రక్తం ఎవ్వలు చూడలె బిడ్డా. రెప్పలు చూసిండ్రు. గా ఎరుపు ఏడ్చిన ఎరుపు,” అన్నాను.

ఖాలా అన్న ఉల్లిగడ్డల మాట చెప్పినప్పుడు అది ఫక్కున నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది. కొంగుతో ముఖం తుడుచుకొని, “పిలువుండ్రి గా సూది పిల్లను,” అన్నది.

అలా వచ్చింది ఆ స్కూటీ. సాయంత్రానికల్లా రిపోర్టు అల్లుడి ఫోనులోకి వచ్చింది. చక్కెర గీత దాటుతున్నది, వాపు చూపించేదేదో కాస్త ఎక్కువగా ఉన్నది.

“అంటే చస్తనా డాక్టరమ్మా?” అని అడిగిందట మా పిల్ల, ఆ రిపోర్టు చూపించడానికి వెళ్ళినప్పుడు.

“అందరం చస్తం గని, గిప్పుడే తొందరేంది? అందుకే గద ముందుగాల చూసింది,” అన్నదట ఆవిడ. మనసుకు మందు, చక్కెరకు మందు, రోజూ నడక. కొన్నాళ్ళాగి మళ్ళీ రక్తం చూస్తారు. ఏమవుతుందో నాకు తెలియదు, ఆవిడ కూడా తెలుసునని చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటికి బస్తాలు రావు. వాకిలి ఉన్నచోట పైకి మెట్లు లేచాయి, ఖాలా వాళ్ళు ఇల్లమ్మి ఎటో వెళ్ళారు. రక్తం గాజు గొట్టంలో పోతుంది, జవాబు ఫోనులో వస్తుంది, మనిషిని మనిషి ముట్టుకొనే పనే లేదు. ఆ జవాబు మా అత్త చూపుకన్నా ఎంతో మేలైనదని ఒప్పుకుంటాను. అయినా వారానికోసారి వెలుతురులో గడ్డం పట్టుకొని కళ్ళలోకి చూసే ఆ చెయ్యి గుర్తొస్తూనే ఉంటుంది.

అందుకే శుక్రవారం అది తల ఆరబెట్టుకోవడానికి కిందికి వస్తే మెట్ల దగ్గర కూర్చోబెట్టి రెప్ప లాగి చూస్తాను. “ఏం కనవడ్తున్నదే చిన్నమ్మా?” అని ఎగతాళి చేస్తుంది. రక్తం సంగతి నేను ఎత్తను. ఏడ్చినవా అని అడుగుతాను. ఒక్కోసారి అవునంటుంది, ఒక్కోసారి లేదంటుంది. ఏది చెప్పినా రెప్ప వదిలి, తువ్వాలు తీసుకొని దాని తల తుడుస్తాను.