అమ్మలు అడిగి కట్టించుకున్న గోడ

సాయంత్రం బడి గంట కొట్టగానే మేము బయటికి పరుగెత్తేవాళ్ళం... అదే దారిన మా అమ్మలు లోపలికి వచ్చేవాళ్ళు! మా చిన్నప్పుడు శ్రీకాళహస్తిలో, మా వీధి చివర ఉన్న ఆడపిల్లల బడిలో రోజూ జరిగే తంతు ఇది.

పెద్ద టీచరమ్మ మంచి మనిషి. "పిల్లలు పోయినాక మైదానం ఊరికే పడుండాది గదా, ఆడుకోండమ్మా" అని రబ్బరు రింగు, తాడు ఇచ్చేసింది. ఇంకేం... కొంగులు నడుముకు దోపి, గాజులు మోచేతి దాకా ఎగదోసి, పొద్దుగూకే దాకా ఆటే ఆట. ఇంట్లో మోకాళ్ళ నొప్పని మూలిగే మా పక్కింటి రాజమ్మత్త, అక్కడ రింగు కోసం గాల్లోకి ఎగిరేది. ఆ నొప్పి రాత్రి వంట వేళకు మళ్ళీ వచ్చేసేది లెండి.

మా నాయనకు ఇది నచ్చేది కాదు.

"ఈ వయసులో ఆటలేందే నీకు?"

"మీకు టీకొట్టు కాడ పేకాడే వయసుండాది గానీ, నాకు రింగాడే వయసు లేదా?"

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పేకాటకే పోయినాడని వేరే చెప్పాలా...

చిక్కల్లా మైదానానికి గోడ లేకపోవడం. చుట్టూ ముళ్ళకంప మాత్రమే. రోడ్డున పోయే మగవాళ్ళు సైకిళ్ళు ఆపి మరీ చూసేవాళ్ళు. ఒకడైతే, "ఏం పెద్దమ్మా, దేశం తరపున ఆడేదానికి పోతా ఉండారా?" అని అరిచాడు. మా అమ్మ ఊరుకుంటుందా... "అవునబ్బా, మా చెప్పులు మోసేదానికి మనిషి కావాల, వస్తావా?" అంది. వాడు సైకిల్ ఎక్కి మాయం! కానీ కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళు మాత్రం ఆ చూపులకు జడిసి రావడం మానేశారు.

అప్పుడు మా అమ్మే ముందు నిలబడి గోడ కావాలని అడిగింది. ఊరి పెద్దల ఇళ్ళ చుట్టూ తిరిగింది. "కంప చాలదా అమ్మా?" అని టీచరమ్మ నసిగినా వినలేదు. ఆ వేసవి సెలవుల్లో స్వర్ణముఖి ఇసుక బండ్ల మీద వచ్చింది. ఆడవాళ్ళంతా వరుసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చి మేస్త్రికి అందించారు. సున్నం కూడా వాళ్ళే కొట్టారు. మనిషెత్తు గోడ లేచింది... దానికొక ఇనుప గేటు.

ఆ ఏడాది ఆట చూడాలి! కోడళ్ళు తిరిగి వచ్చారు. మా అమ్మ అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత పెద్ద టీచరమ్మకు బదిలీ అయింది. కొత్తావిడ వచ్చిన వారానికే గేటుకు తాళం పడింది. అమ్మ వెళ్ళి అడిగింది, నేను పక్కనే ఉన్నాను.

"బయటోళ్ళకు ఇయ్యకూడదమ్మా. ఎవరికన్నా కాలో చెయ్యో విరిగితే జవాబు చెప్పేదెవురు?"

"బయటోళ్ళమా? ఈ గోడకు సున్నం కొట్టింది మేమే గదా తల్లీ!"

"మంచిపని చేసినారు. బడికి కాపుదల కుదిరింది" అందావిడ, మర్యాదగానే.

అమ్మ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "కంపే మేలు... దూరేదానికి సందుండేది" అంది. అంతే. ఆ తర్వాత ఆమె పరుగెత్తగా నేను చూడలేదు. నాయన మాత్రం పేకాటకు వెళుతూనే ఉన్నాడు. టీకొట్టుకు ఎవరూ తాళం వేయలేదు మరి!

ఇప్పుడు తిరుపతిలో మా మనవరాలి బడికి పచ్చటి పరుపులాంటి మైదానం ఉంది, చుట్టూ దీపస్తంభాలున్నాయి. సాయంత్రమైతే అందులో ఆడేవి కాకులు. మా సందు పిల్లలు స్కూటర్ల మధ్య బంతాడి తిట్లు తింటుంటారు. మొన్న వాళ్ళను వెంటేసుకుని ఆ బడి గేటు దగ్గరికి వెళ్ళాను.

"ఎవురు కావాల అవ్వా?" అన్నాడు కాపలా అబ్బాయి.

"మనుషులెవురూ వద్దు నాయనా, కాస్త చోటు కావాల."

పాపం, నవ్వాడు. "నా చేతుల్లో లేదవ్వా" అన్నాడు. ఎవరి చేతుల్లో ఉందో అతనికీ తెలియదు. పిల్లలు మాత్రం అలవాటైనట్టు, ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగారు... నాకు గుచ్చుకున్నది అదే. మా అమ్మ కనీసం పోట్లాడింది!

మీ ఊళ్ళో సాయంత్రాలు తెరిచి ఉంచే బడి ఏదైనా ఉంటే చెప్పండి. మీ అమ్మలు ఎక్కడ ఆడుకునేవాళ్ళో కూడా రాయండి... అసలు ఆడుకోనే లేదంటే, అదీ రాయండి.