ముందు కాళ్ళు చూడు

పాలరాతి మెట్టు అంచుకి ఇనప స్టాండు తగిలితే 'టక్' మని ఒక చప్పుడు వస్తుంది. మొన్న అమలాపురంలో కొత్త బట్టల కొట్టు ప్రారంభోత్సవానికి ఫొటోలు తీయడానికి వెళ్ళినప్పుడు ఆ చప్పుడు నా చేతిలోంచే వచ్చింది. లైటు స్టాండు పట్టుకుని మెట్లెక్కుతున్నాను. ముందు నిలబడ్డ టీవీ సీరియల్ అమ్మాయి గిర్రున వెనక్కి తిరిగి, "ఏంటా సౌండు? కళ్ళు కనబడవా?" అని కసిరింది. పొద్దుటినుంచి కాఫీనీళ్ళు తప్ప నా నోట్లో ఏమీ పడలేదు. కొట్టువాళ్ళు "జొన్నాడ వంతెన దాటేసేరంటండి, వచ్చేస్తన్నారు" అని ఆ అమ్మాయి వచ్చేదాకా తెల్లారినప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు. పేరున్నవాళ్ళు జొన్నాడ దాటడమనేది ఒక పూట పట్టే పని అని నాకు ఎప్పుడో తెలుసు. అయినా నడుముకి తెలియదు కదా. నాకూ ఒళ్ళు మండింది, అయినా అలవాటు కొద్దీ ఆ అమ్మాయి కాళ్ళకేసి చూశాను. చీర కుచ్చెళ్ళ చాటున ఒక పాదాన్ని ఎత్తు చెప్పులోంచి సగం బయటికి తీసి, రెండో కాలి మీద బరువంతా మోపి నిలబడి ఉంది. మడమ వెనక తోలు ఊడి ఎర్రగా కనబడుతోంది. "అమ్మగారికి కుర్చీ వెయ్యండి, కూర్చుంటే ఫొటో బాగుంటుంది" అన్నాను. నా కోపం పోలేదు. కాస్త చిన్నదైంది, అంతే.

ఆ చూపు నా సొంతం కాదు. ఎస్తేరమ్మ గారిది. ఆవిడ పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఇప్పుడు స్టూడియోకి వచ్చే కుర్రాళ్ళకి ఆవిడెవరో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరం ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

గడియార స్తంభం వెనక సందులో ఆవిడ భర్త ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన హఠాత్తుగా పోతే, స్టూడియో మూసేస్తారని అందరూ అనుకున్నారట. దినాలు కాగానే ఈవిడ తెల్ల నేతచీర కట్టుకుని, భర్త చేతిగడియారం పెట్టుకుని, మెడలో కెమెరా వేసుకుని తలుపులు తీశారు. నేను మా చెల్లెల్ని పెళ్ళిచూపుల ఫొటోకి అక్కడికి తీసుకెళ్ళాను. చెల్లెలు బిగుసుకుపోయి నిలబడితే, దాని కుచ్చెళ్ళు సర్దే నెపంతో మడమ మీద గిలిగింత పెట్టాను. నవ్వింది. కెమెరా చప్పుడైంది. "రేపట్నుంచి వస్తావేంటమ్మా?" అన్నారు ఎస్తేరమ్మ గారు. అంతే, లైట్లు పట్టడం, చీరలు సర్దడం, జిడ్డు మొహాలకి పౌడరు అద్దడం నా పనయ్యాయి. నాకు వరసేమీ కాకపోయినా పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

ఆడమనిషి కావడంతో సినిమా వాళ్ళూ టీవీ వాళ్ళూ మన వైపు వచ్చినప్పుడు ఆవిణ్ణే పిలిచేవారు. ముఖ్యంగా చిరాకు మనుషులైతే. మగ ఫొటోగ్రాఫర్లు తిట్లు తిని వెళ్ళిపోయాక మాకు ఫోను వచ్చేది. మొదట్లో నేను మొహాలు చూసి భయపడేదాన్ని. "మొహం చూస్తావేంటే పిచ్చిదానా, మొహం వాళ్ళు చూపించడానికి పెట్టుకున్నది. ముందు కాళ్ళు చూడు. కాళ్ళకి మేకప్పు వెయ్యరు" అన్నారు ఒకసారి. పెద్ద నీతిలాగా చెప్పలేదు. లైటుకి వైరు చుడుతూ అన్నారు.

కాట్రేనికోన దగ్గర కాలువగట్టు మీద ఒక సినిమా తీస్తున్నప్పుడు మమ్మల్ని పిలిచారు. హీరోయిను హైదరాబాదు పిల్ల. మన కోనసీమ అమ్మాయి వేషం. మేము వెళ్ళేసరికి అందరి మీదా మండిపడుతోంది. "ఆ కొబ్బరిచెట్టు రాకుండా తియ్యి" అంది. "ఆయ్" అన్నారు పిన్నిగారు. "నా ముక్కు మీద వెలుగు పడకూడదు." "ఆయ్." "త్వరగా కానివ్వు." "ఆయ్, అలాగేనండి." ఆ పిల్ల ఒక్కసారిగా లేచి, "నన్ను వెక్కిరిస్తున్నావా?" అని అరిచింది. పిన్నిగారు బెదిరిపోయి, "ఆయ్, లేదండి!" అన్నారు. ఇక చూడాలి ఆ పిల్ల అరుపులు. గొడుగు పట్టుకున్నవాడు గొడుగు వదిలేశాడు.

తరవాత తెలిసింది సంగతి. పొద్దుటినుంచీ ఆ పిల్లకి డైలాగులో, మన వైపు ఔననడానికి అనే ఒక్క 'ఆయ్' పలకడం రావడం లేదు. ఒకసారి కుక్కని అదిలించినట్టు, ఒకసారి దెబ్బ తగిలినట్టు వస్తోందట. యూనిట్ అంతా నవ్విందట. ఆ మాటే మా నోట మాటిమాటికీ వినబడేసరికి పుండు మీద కారం పడింది. పిన్నిగారు నన్ను పక్కకి పిలిచి, "కాళ్ళు చూసేవా? వేళ్ళు మట్టిలోకి ఎలా ముడుచుకుందో. భయపడతంది ఆ పిల్ల. ఈ పూటకి ఆ మాట అనకు" అన్నారు. నేను మానేశాను. ఆవిడకే చేతకాలేదు. ఆ మధ్యాహ్నమంతా పెదాలు బిగించి తల ఊపుతూనే ఉన్నారు. మాట గొంతులోకి వచ్చి వెనక్కి పోవడం నాకు కనబడేది, మాత్ర మింగుతున్నట్టు. పొద్దు వాలాక ఆ పిల్లే, "ఏంటండీ, మీరు అలిగారా? అసలు మాట్లాడటం లేదు?" అని అడిగింది. "ఆ..." అన్నారు పిన్నిగారు. ఆపుకోబోయారు. "...య్!" అని తుమ్మినట్టు బయటికొచ్చేసింది. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. పిన్నిగారి వేలు అప్పటికే మీట మీద ఉంది. పోస్టరు మీద వేసింది ఆ నవ్వే.

అన్నీ అలా నవ్వుతో తేలవు. రాజోలు వైపు పుట్టి సినిమాల్లో పేరు తెచ్చుకున్న ఒక హాస్యనటుడు ఉన్నారు. పేరు రాయను. ఆయనకి సొంతూళ్ళో సన్మానం పెట్టారు. జనాన్ని నవ్వించే మనిషి కదా అని మేము సంబరంగా వెళ్ళాం. ఆయన కారు దిగుతూనే దండ వెయ్యబోయిన పెద్దాయన్ని తోసేశారు. పేపరు వాళ్ళని, "ఎడమ పక్కకి ఎవడైనా వచ్చాడో, కెమెరా కాలవలో పారేస్తాను" అన్నారు. పిన్నిగార్ని చూసి, "ఈ ముసల్దాన్నెవరు పిలిచారు?" అన్నారు. నాకు చెవులు కాలిపోయాయి. పిన్నిగారు ఆయన బూట్లకేసి చూస్తూ నిలబడ్డారు. నేనూ చూశాను. కుడి బూటు నిగనిగలాడుతోంది. ఎడమ బూటు మాత్రం ముందు భాగం నేలకి రాసుకుని అరిగిపోయింది. దాని తాడు ముడి కూడా ఎవరో పక్కవాళ్ళు వేసినట్టుంది.

ఆవిడ చప్పుడు చెయ్యకుండా లైటుని కుడివైపుకి మార్పించారు. ఆయన దగ్గరికెళ్ళి, "ఎడమ చెయ్యి ఇలా బుగ్గ మీద పెట్టండి. ఏదో కొంటె ఆలోచన చేస్తన్నట్టు" అన్నారు. చెయ్యి లేవడానికి కాస్త సమయం పట్టింది. జనం అది కూడా హాస్యమనుకుని చప్పట్లు కొట్టారు. జారిన నోటి మూల అరచేతి చాటుకి వెళ్ళిపోయింది. ఆయన పిన్నిగారి వైపు అలాగే చూసి, నెమ్మదిగా, "తెలిసిపోయిందా?" అన్నారు. నేను లైటు పట్టుకుని పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది. "తెలియడానికేముందండి? అటుపక్క వెలుతురు బాగాలేదు, అంతేనండి" అన్నారావిడ. పక్షవాతం సంగతి బయటికి పొక్కితే ఆయన్ని ఇక ఎవరూ సినిమాల్లో పెట్టుకోరు. మొహమే ఆయన అన్నం. బయట పేపరు వాళ్ళు చుట్టుముట్టి, "ఏంటండీ ఆయనగారి పొగరు?" అంటే, "దార్లో తిన్నది పడలేదంటండి, కడుపు తిప్పుతోందంట" అని చెప్పి నన్ను ముందుకి తోశారు.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేదు. "వాళ్ళ కాళ్ళు మనం చూస్తాం సరే. మన కాళ్ళు ఎవరు చూస్తారండీ? ముసల్దంటే పడి ఉండాలా?" అన్నాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నీ కుడికాలి చెప్పుకి పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నావు. అది వేలికి గుచ్చుకుంటంది. నిన్నంతా కస్టమర్ల మీద విసుక్కున్నావు. రేపు పొద్దున్నే కుట్టించుకునే స్టూడియోకి రా" అన్నారు. నేను చెప్పుని సీటు కిందకి లాక్కున్నాను.

అందరి చిరాకు వెనకా ఏదో ఉంటుందని ఆవిడ నమ్మేవారనుకుంటే పొరపాటు. ఒక పాటలాయన మేమిచ్చిన బొండాం చల్లగా లేదని నా కాళ్ళ దగ్గరికి విసిరికొట్టాడు. "ఈయన కాళ్ళలో ఏం కనబడిందండీ?" అని అడిగాను. "మంచి బూట్లు కనబడ్డాయి. కొందరు ఊరికే అంతేనే. లైటు సర్దు" అన్నారు.

కొన్నాళ్ళకి పిన్నిగారే మారిపోయారు. "అడ్డు లే", "లైటు అలాగేనా పట్టేది", "చెప్పింది చెయ్యి". ఎన్నడూ ఎరగని మాటలు. ఫొటోలు చూసి ఎంచే పని నా మీద పడేసి, నేను ఎంచితే తప్పులు పట్టేవారు. వయసనుకున్నాను. కొత్తపేటలో ఒక పెద్దింటి పెళ్ళికి సినిమావాళ్ళు వచ్చారు. అంతమంది ముందు, నేను లెన్సు అందించడం కాస్త ఆలస్యమైందని, "బుర్ర లేదటే నీకు? ఇన్నేళ్ళు ఏం నేర్చుకున్నావు?" అన్నారు. ఫంక్షన్ హాలు వెనక చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి ఏడ్చాను. ఇక చాలనుకున్నాను. పేరున్నవాళ్ళ మాటలు పడ్డాను, అది పని. ఈవిడ చేత కూడా పడలేను. కెమెరా సంచీ అప్పజెప్పి బస్సెక్కేద్దామని మొహం కడుక్కుని లోపలికి వచ్చాను.

ఆవిడ వేదిక మెట్ల ముందు ఒక్కరే నిలబడి ఉన్నారు. మొహం ఎప్పటిలాగే ఉంది, గడ్డం పైకెత్తి, అందరినీ గమనిస్తున్నట్టు. ఇచ్చేసి పోదామని సంచీ కోసం వంగాను. అప్పుడు కనబడింది. ఆవిడ కుడికాలి బొటనవేలు చెప్పులోంచి ముందుకి వచ్చి మెట్టు అంచు ఎక్కడుందో తడుముతోంది. నీళ్ళు ఎంత లోతున్నాయో తెలియని రేవులో దిగుతున్న మనిషి కాలిలాగా. ఎదురుగా అన్ని లైట్లు వెలుగుతున్నాయి. ఆవిడకి ఆ మెట్టు కనబడటం లేదు.

నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే హాలంతా చూస్తుంది. కళ్ళు కనబడని ఫొటోగ్రాఫరుని మర్నాటినుంచి ఎవరు పిలుస్తారు? లైటు స్టాండు అందుకుని ఆవిడకంటే ఒక అడుగు ముందు నడిచాను. మెట్టు అంచుకి స్టాండు కాలు తగిలించాను. టక్. "ఏంటే ఆ చప్పుడు, స్టాండు విరగ్గొడతావా?" అన్నారు. "ఆయ్, చెయ్యి జారిందండి" అన్నాను. ఆవిడ పాదం తిన్నగా ఆ చప్పుడు మీదకే వచ్చింది. పై మెట్టు దగ్గర మళ్ళీ నా చెయ్యి జారింది. ఆ పై మెట్టుకీ జారింది. సంచీ ఆ రోజు ఇవ్వలేదు.

ఆ తరవాత ఏ ఊరు వెళ్ళినా అంతే. ఫోకసు నేను సరిచేసి ఇచ్చేదాన్ని, ఆవిడ నొక్కేవారు. నొక్కాల్సిన క్షణం ఆవిడకి చెవులతోనే తెలిసేది. నవ్వు రాబోయే ముందు మనుషులు ఊపిరి పీలుస్తారు కదా, అది వినేవారు. తిట్లు మాత్రం తగ్గలేదు. కారణం తెలిసింది కదా అని నొప్పి తగ్గుతుందనుకుంటాం. తగ్గదు. తెలిశాక వదిలేసి వెళ్ళడం కుదరదు, అంతే తేడా. కొన్ని సాయంత్రాలు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. పగలంతా ఇంకొకళ్ళ కాళ్ళు చూసి చూసి అలసిపోయి, మా ఆయన ఏదైనా అడిగితే నేనూ కసిరేదాన్ని. ఆయన పాపం మొహమే చూసేవారు.

కంటి నరం ఎండిపోయిందని డాక్టరు చెప్పినట్టు ఆవిడ చెల్లెలి ద్వారా నాకు తెలిసింది. ఆవిడ నోట ఏనాడూ రాలేదు. స్టూడియో తాళాలు నాకు అప్పగించిన రోజు, అరుగు మీద పక్కపక్కన కూర్చున్నాం. "ఒకటి చెప్పవే సుగుణా" అన్నారు. "నీ చెయ్యి ఎప్పుడూ మెట్ల దగ్గరే జారేదేం?" రాజోలు ఆయనతో ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది. "మెట్లు నున్నగా ఉన్నాయండి, అంతేనండి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. చేతిగడియారం తిప్పుకున్నారు. తరవాత, "ఇప్పుడు నేను చూడలేను గాని, నీ చెప్పులు బాగానే ఉన్నాయా?" అని అడిగారు.

మొన్న ఆ సీరియల్ అమ్మాయి కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పేసి, బాగానే ఫొటోలు తీయించుకుంది. వెళ్ళేటప్పుడు నా వైపు చూడను కూడా లేదు. చూసి తీరాలనీ ఏం లేదు. ఖాళీ అయిపోయిన కొట్టులో స్టాండు ఎత్తుకుని మెట్లు దిగుతుంటే, వెనక ఎవరూ లేకపోయినా, ప్రతి మెట్టుకీ చెయ్యి జారింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, చెప్పులు విప్పి, వాచిన నా కాళ్ళు నేనే చూసుకున్నాను. మా ఆయన లోపల్నించి, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నారు. అప్పుడు తెలిసింది, పైకే అన్నానని.

"ఆయ్. బాగానే ఉన్నాయండి, పిన్నిగారూ."