బాపమ్మ పంపిన వేగు

నా చిన్నప్పుడు, చలికాలం మొదలయ్యిందంటే చాలు, మా బాపమ్మ ముఖం ముడుచుకుపోయేది. తాతయ్య దుప్పట్ల వ్యాపారి. జగిత్యాల పక్కన మా ఊళ్లో మగ్గాల మీద నేసినవి జీపులో వేసుకుని, గోదావరి అవతలి ఊళ్లలో దుకాణాలకు ఇచ్చి వచ్చేవాడు. ఆ తిరుగుడు ఏడాదంతా ఉండేదే. కానీ చలికాలంలో ఒక రోజు మాత్రం డ్రైవరును రావద్దని, నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఒక్కడే బయలుదేరేవాడు. ఎక్కడికో చెప్పేవాడు కాదు. బాపమ్మ అడిగేదీ కాదు. ఆ రోజంతా వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం వీధి దాకా వినిపించేది.

నేను నాలుగో తరగతి చదువుతున్న ఏడు ఆమె నన్ను దగ్గరికి లాక్కుని, చేతిలో పల్లిపట్టి పెట్టి గుసగుసగా చెప్పింది. “తాతతోని నువ్వు గూడ పో బిడ్డా. ఎక్కడెక్కడ ఆగిండో, ఎవరితోని మాట్లాడిండో అంత చూసొచ్చి నాకు చెప్పు. ఆయనకు తెల్వనియ్యకు.”

నేనూ వస్తానంటే తాతయ్య నన్ను చూశాడు, వంటింటి వైపు చూశాడు. “ఎక్కు” అన్నాడు.

ధర్మపురి దాటేసరికి గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్కన జనం గడ్డి మంటలు వేసుకుని చేతులు కాచుకుంటున్నారు. మామూలుగా అయితే అవన్నీ చూసి గంతులు వేసేదాన్ని. ఆ రోజు నా చూపంతా తాతయ్య మీదే. ఆయన కూనిరాగం తీస్తే అనుమానం. అద్దంలో జుట్టు సవరించుకుంటే అనుమానం. మంచి తారురోడ్డు ఉండగా ఎందుకో పత్తి చేల మధ్య మట్టిదారిలోకి తిప్పేవాడు. ఏదో పల్లె చుట్టూ తిరిగి మళ్లీ అదే రోడ్డెక్కేవాడు. ఏ దుకాణం ముందూ దుప్పట్ల మూట విప్పలేదు. మంచిర్యాలలో బండి ఆపి ఆకుపచ్చ గాజులు కొన్నాడు. బాపమ్మకేమో అనుకున్నాను. కానీ చేతి కొలత ఆమెది కాదు. ఆ మాత్రం నాకు తెలుసు.

కాగజ్‌నగర్‌లో వరసగా ఉన్న చిన్న ఇళ్ల ముందు ఆగాం. “బండిల కూసో బిడ్డా, ఇప్పుడే వస్త” అని మూట తీసుకుని దిగాడు. ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. ఒకావిడ బయటికి వచ్చి ఆయన చేతులు పట్టుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. గాజులు అక్కడే తొడుక్కుంది. సరిగ్గా సరిపోయాయి. ఆమె జీపు దగ్గరికి వచ్చి, నా గదుమ పట్టుకుని చాలాసేపు చూసి, నువ్వుల లడ్డూలు ఒళ్లో పోసి లోపలికి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో నేను ఒక్క లడ్డూ ముట్టుకోలేదు. ఇంటికి వెళ్లి ఇది చెప్తే బాపమ్మ ఏమైపోతుంది? చెప్పకపోతే నేనేమవుతాను? బెల్లంపల్లి దాటాక ఇక ఆగలేకపోయాను.

“గామె ఎవరు తాతా? నా రెండో బాపమ్మనా?”

తాతయ్య కందిచేను పక్కన జీపు ఆపేశాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

“నా చెల్లె, బిడ్డా. కులం గానోన్ని చేసుకున్నదని మా బాపు ఎల్లగొట్టిండు. సచ్చిపోయిందని ఊరంత చెప్పిండు. దాని పేరు ఇంట్ల ఎత్తనని నాతోని ఒట్టేయించుకున్నడు. సీదా తొవ్వల పోతే ఎవరన్న చూస్తరని గిట్ల తిరిగి తిరిగి పోత.”

“మరి బాపమ్మకు ఎందుకు చెప్పలే?”

“ఇంట్ల ఎత్తనని ఒట్టు. బయట ఎన్నడన్న అడిగితే చెప్తుంటి. ఆమె అడగలే, నేను చెప్పలే. గట్లనే ఏండ్లు గడిచినయ్.” నా తల నిమిరాడు. “ఒట్టు నాది బిడ్డా. నువ్వైతే ఏం ఒట్టు పెట్టుకోలే.”

పొద్దున అంత తేలికగా నన్ను ఎందుకు ఎక్కించుకున్నాడో అప్పుడు అర్థమయింది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాం. బాపమ్మకు అంతా చెప్పాను. “మీ తాతకు చెల్లె యాడిది? చిన్న వయసులనే పోయిందన్నరు గదా” అంది. ఉందని, ముక్కు అచ్చం తాతలాగే ఉందని చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర కూలబడిపోయింది. తర్వాత లేచి ముఖం కడుక్కుని, గడప దాటి, వీధి మధ్యలో నిలబడి కేక వేసింది.

“జర బయటికి రాండ్రి! ఇది బజారు, ఇల్లు గాదు. ఇప్పుడు చెప్పుండ్రి, నా ఆడబిడ్డ పేరేంది?”

తాతయ్య వెళ్లి ఆమె ముందు నిలబడి ఆ పేరు పలికాడు. ఇరుగుపొరుగు తలుపులు తీసి వింటూనే ఉన్నారు.

ఆ తర్వాత బాపమ్మ ఆయనతో చాన్నాళ్లు మాట్లాడలేదు. ఇన్నేళ్లు తనను కుమిలిపోనిచ్చాడని ఆమె కోపం. అడగవచ్చు కదా అని ఆయన కోపం. ఇద్దరిదీ న్యాయమేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మరుసటి చలికాలం మాత్రం జీపులో ముందు సీటు బాపమ్మదే.

ఆ రోజు నుంచి నేను అనుమానాన్ని మనసులో పెట్టుకుని పడుకోలేదు. అడిగేశాను. కొందరు నొచ్చుకున్నారు. కొన్నిసార్లు నేను భయపడ్డదే నిజమయింది, ఏడ్చాను కూడా. మొన్న మా కోడలు రోజూ ఫోను పట్టుకుని మేడ మీదికి పోయి మాట్లాడుతుంటే, వెనకే మెట్లెక్కి వెళ్లి ఎవరితోనని అడిగాను.

“నా మీద అనుమానమా అత్తమ్మా?” అంది.

“అవును బిడ్డా,” అన్నాను, “అందుకే నిన్నే అడుగుతున్న.”

ఆమె ఫోను పక్కన పెట్టి, పిట్టగోడ మీద నాకు చోటిచ్చి కూర్చోబెట్టుకుంది.