మామ అడగని సెంటర్ ఫార్వర్డ్

మా మేనమామ పోయిన వారం దవాఖానలో కన్నుమూశాడు. కబురు అందినప్పుడు నేను దుకాణంలో గుడ్డ కొలుస్తున్నాను. సగం కొలిచిన తానును అలాగే వదిలేసి పరుగెత్తాను. నేను చేరేసరికి అత్త ఇంకా ఏడవడం కూడా మొదలుపెట్టలేదు. "పొద్దుగాల మంచిగనే మాట్లాడిండురా" అని అదే మాట పదే పదే అంటోంది.

మీలో చాలామంది వరంగల్ చౌరస్తాలో ఆయన దగ్గర పెళ్ళి బట్టలు కొనే ఉంటారు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. ఆయన గురించి మంచి మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. కాని ఆయన మీద నాకో కోపం ఉంది. ఏళ్ళు గడిచినా, చివరికి మనిషే పోయినా అది చల్లారలేదు. ముందు దాన్ని కక్కేస్తే తప్ప మిగతావి రాయడానికి నాకు చెయ్యి ఆడదు. ఆ కోపం ఫుట్‌బాల్ గురించి.

మామ బేరం చేసే తీరు ముందు చెప్పాలి. "కావాల్సిన సరుకు దిక్కు చూడొద్దురా, చూసినవంటె ధర పెరుగుతది" అనేవాడు. టోకు కొట్టుకు వెళితే అక్కర్లేని తాన్లన్నీ విప్పించేవాడు. నిజంగా కావలసిన తానుకు మాత్రం ఏదో ఒక వంక పెట్టి పక్కకు నెట్టేవాడు. అంతా అయిపోయి, గడప దాకా నడిచి, అప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి "సరే, ఆ మూలకున్నది గూడ ఎయ్యి" అనేవాడు. బజారులో అందరూ చేసేది అదే, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. చిక్కేమిటంటే ఆయన బజారు దాటినా అలాగే ఉండేవాడు. ఇంట్లో వంకాయ కూర కావాలంటే పప్పు బాగుందని పొగిడేవాడు. నా పెళ్ళిచూపులలో పిల్ల నచ్చిందని గుమ్మంలోనే నిశ్చయించుకుని, అందరూ వినేలా "పిల్ల జర పొట్టిగున్నట్టున్నది" అన్నాడు. అటువాళ్ళు తాంబూలం పళ్ళెం వెనక్కి తీసుకుపోబోయారు. మా అమ్మ కాళ్ళావేళ్ళా పడి సర్దింది. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు, మరవనని కూడా చెప్పింది.

పందొమ్మిదివందల యాభైల చివర్లో సాయంత్రమైతే హన్మకొండ మైదానంలో బంతి ఆడేవాళ్ళం. దుకాణాల వాళ్ళు, మగ్గాల వాళ్ళు, కాలేజీలో చదివేవాళ్ళు, ఎవరు వస్తే వాళ్ళు. జట్టంటూ లేదు, ఆ రోజు ఎటు మనుషులు తక్కువైతే అటు. అది చూసి బజారు పెద్దలకు సరదా పుట్టింది. రెండు కొత్త జట్లు పెడదామన్నారు. ఒకటి బట్టల బజారుది, దానికి మామ పెద్ద. రెండోది మిర్చి బజారుది, దానికొక మిర్చి సేటు పెద్ద. ఆదివారం పొద్దున ఆటగాళ్ళందరినీ మైదానంలో నిలబెడతారు, ఈ ఇద్దరూ వంతులవారీగా ఒక్కొక్కరినే పిలుచుకుంటారు. మొదటి వంతు మామకు వచ్చింది.

మామకు ఆట గురించి ఏమీ తెలియదు. అందుకని శనివారం మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసి, దుకాణంలో తెల్ల పరుపు మీద జాకెట్టు ముక్కలు పరిచి పాఠం చెప్పాను. "ఇగో, అందరికంటె ఎనుక గోలీ. ఆయన ముందట ఇద్దరు బ్యాక్‌లు. ఆళ్ళ ముందట ముగ్గురు హాఫ్‌లు. అందరికంటె ముందట అయిదుగురు ఫార్వర్డ్‌లు. ఈ ఎర్ర ముక్క చూసినవా మామా, నడుమల ఉన్నది? సెంటర్ ఫార్వర్డ్. గోల్ కొట్టేది గీయనే. ముందుగాల గీయన్నే పిలవాలె. తర్వాత నడుమ హాఫ్. ఆయెనుక గోలీ. బ్యాక్‌లను అటెనుక చూసుకుందాం. గీ అంచుల ఉండే లెఫ్ట్ అవుట్, రైట్ అవుట్‌లది ఏం తొందర లేదు, ఎప్పుడైన దొరుకుతరు."

సెంటర్ ఫార్వర్డ్ అంటే మా ఊళ్ళో ఒకడే. కొత్తవాడలో జంపఖానాలు నేసే సాయిలన్న. పగలంతా మగ్గం మీద పనిచేసి, సాయంత్రం ఉత్త కాళ్ళతో వచ్చి, బంతి అందిందంటే వెనక్కి చూసేవాడు కాదు. ఆయనకు ఎడమ పక్కన, లెఫ్ట్ ఇన్‌లో నేను ఆడేవాణ్ణి. నేను తలెత్తకుండా బంతి వదిలినా అది చేరే చోటికి ఆయన ముందే చేరి ఉండేవాడు. ఆయనా నేనూ ఒకే జట్టులో ఉండాలన్నదే నా ఆశంతా.

మామ అంతా శ్రద్ధగా విని ఆ ఎర్ర ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "రంగు దిగుతదిరా గిది. ఎవడు తెచ్చిండు?"

"మామా!"

"సమజైందిరా. ముందుగాల సాయిలు. ఫికర్ చెయ్యకు."

ఆదివారం మైదానంలో అందరం వరుసగా నిలబడ్డాం. మామ ధోవతి కుచ్చిళ్ళు సర్దుకుని, టోకు కొట్టులో నడిచినట్టే ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. ఒకడి భుజం తట్టాడు. ఒకడి కాళ్ళు చూశాడు. సాయిలన్న ముందు నుంచి మాత్రం ఆకాశం చూస్తూ వెళ్ళాడు. అది చూడగానే కొంప మునిగిందనుకున్నాను. మా మామ సంగతి నాకు తెలుసు కదా. చివరికి ఇత్తడి సామాన్ల దుకాణం వారి పెద్దకొడుకును పిలిచాడు. ఎందుకయ్యా అంటే, లెఫ్ట్ అవుట్‌కు. ఆ పెద్దకొడుకు అంతకుముందు మైదానానికి వచ్చింది చల్లగాలికి.

మిర్చి సేటు సాయిలన్నను ఎగరేసుకుపోతాడని కళ్ళు మూసుకున్నాను. కాని ఆయనా వ్యాపారే. ఎదుటి మనిషి వదిలేసిన సరుకులో లోపమేదో ఉంటుందనుకున్నాడు. పైగా ఆయనకు కూడా సాయిలన్నే కావాలి కాబట్టి ఆయనా అటు చూడలేదు. తడిమితే తప్ప దారి కనిపించని ఒక కళ్ళద్దాల గుమస్తాను రైట్ బ్యాక్‌కు పిలిచాడు. మామకు అది పంతమైంది. తరువాత వంతుకు ఇంకా పనికిరానివాణ్ణి పిలిచాడు. ఇలా ఇద్దరు పెద్దమనుషులు పోటీలు పడి మైదానంలోని తాలునంతా ఏరుకున్నారు. ఆట వచ్చినవాళ్ళు మాత్రం అలాగే నిలబడి ఎండకు మాడుతున్నారు. నేను సైగలు చేశాను, దగ్గాను, చివరికి "మామా, ఎర్ర ముక్క!" అని అరిచాను. ఆయన నా వైపు తిరిగి, నోరు మూసుకొమ్మన్నట్టు కన్ను గీటాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక వంతులో మామ సాయిలన్న ముందు ఆగాడు. ఇప్పుడు పిలుస్తాడనుకున్నాను. ఆయన వంగి చూసి, మిర్చి సేటుకు వినపడేలా "మోకాలు జర వంకరగున్నట్టున్నదే?" అన్నాడు.

సాయిలన్న అప్పటికే చాలాసేపటి నుంచి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బంతి తన్నడం రానివాళ్ళందరూ తన ముందే వెళ్ళి జట్లలో చేరారు. మగ్గం పనివాణ్ణని తనను పక్కన పెట్టారనుకున్నాడు, ఎవరైనా అలాగే అనుకుంటారు. "నేనేమన్న అంగట్ల ఎద్దునా సేటూ?" అని గట్టు మీద వేసిన అంగీ తీసుకుని భుజాన వేసుకున్నాడు. మైదానం దాటేదాకా వెనక్కి తిరగలేదు.

"మామా, పోతాండు! పిలువు!"

"పోనియ్యిరా. ఇప్పుడు పిలిస్తె మనకు ఎంత అవుసరమో తెలిసిపోతది."

తెలిస్తే ఏమవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మరునాడు పొద్దున్నే మామను రెక్కపట్టుకుని కొత్తవాడకు తీసుకెళ్ళాను. తిన్నగా అడగమని దారి పొడుగునా బతిమాలాను. ఆయన "అట్లనే, అట్లనే" అన్నాడు. సాయిలన్న మగ్గం మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి పని ఆపలేదు గాని, వాళ్ళమ్మతో మంచినీళ్ళు ఇప్పించాడు. మామ అరుగు మీద కూర్చుని నూలు సంగతి అడిగాడు. రంగుల సంగతి అడిగాడు. పక్కింటి వాళ్ళ మగ్గం బాగుందన్నాడు. చివరికి ఒక జంపఖానా కొని చంకన పెట్టుకుని లేచాడు. గడప దాకా వెళ్ళి ఆగి వెనక్కి తిరిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు మాట వచ్చేది అక్కడే కదా.

సాయిలన్న కూడా చేతిలో పని ఆపాడు. "ఇంకేమన్ననా సేటూ?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, నేను విన్నాను.

మామ నోరు తెరిచాడు. "ఏం లేదు. అంచు మంచిగొచ్చింది" అని బయటికి నడిచాడు.

వీధి మలుపు తిరగ్గానే ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన నన్నే జాలిగా చూశాడు. "ఆడే అడిగిండు గదరా ఇంకేమన్ననా అని. ఎదుటోడు అడిగినంక మనం బయటపడితె బేరం చెడుతది. రేపొద్దాం తియ్యి."

ఆ సాయంత్రమే మిర్చి సేటు కొత్తవాడకు వెళ్ళి, గడపలోంచే "సాయిలూ, మా దిక్కు ఆడుతవా?" అని అడిగాడట. ఆడతానన్నాడట. అంతే, అంత చిన్న మాట.

ఆ తరువాత ఏళ్ళ తరబడి మామ జట్టులో మేం ఓడిపోయిన తీరు మీకు వర్ణించను. నా కుడి పక్క ఒక తాలు, ఎడమ పక్క ఇత్తడి సామాన్లు. సాయిలన్న గోల్ కొట్టినప్పుడల్లా గీత బయట మామ లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు. ఓడిపోయిన జట్టు పెద్ద తానేనన్న ధ్యాస ఉండేది కాదు. "చూసినవారా ఆ కాలు? నేను ఆనాడే చూసిన!" అని నాతోనే అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు మంచి మాటలు రాస్తాను. ఆట ఉన్న సాయంత్రం దుకాణంలో పనిచేసే మా అందరినీ వదిలేసి, గిరాకీ ముంచుకొచ్చినా తానే గజం పట్టుకుని కొలిచేవాడు. ఆఖరి బేరం తెగ్గొట్టి రిక్షాలో వచ్చేవాడు. బత్తాయిలు తెచ్చి రెండు జట్లకూ పంచేవాడు, మిర్చి వాళ్ళకు తక్కువ ఇవ్వడం నేనెన్నడూ చూడలేదు. అన్నిటికంటే పెద్ద పండును జేబులో దాచి, అందరికీ ఇచ్చాక, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ సాయిలన్న చేతిలో పెట్టేవాడు. మా నాన్న పోయాక నన్ను చేరదీసి, చేరదీశానని ఎవరి దగ్గరా అనని మనిషి. ఈ వేళ నేను తింటున్న తిండి ఆయన నేర్పిన పనిదే.

ఏటా ఆటలు మొదలయ్యే ముందు జట్లను మళ్ళీ కూర్చేవాళ్ళు. పిలుపు వస్తే ఎవరైనా అటు నుంచి ఇటు రావచ్చు. ఆ రోజుల్లో మామ పొద్దున్నే ఉతికిన బట్టలు కట్టుకుని ఒక్కడే కొత్తవాడకు బయల్దేరేవాడు. మధ్యాహ్నానికి ఒక జంపఖానాతో తిరిగి వచ్చేవాడు. "అడిగినవా?" అంటే "మాట అక్కడిదాంక వచ్చిందిరా" అనేవాడు. అత్త తల పట్టుకునేది. "ఇంట్ల మనుషులమేమొ కొద్దిమందిమి. జంపఖానాలు మాత్రం పెండ్లి పందిట్లకు సరిపోయేటన్ని ఉన్నయి. ఇంకోటి తెచ్చినవంటె నేను మా అన్న ఇంటికి పోత!" ఆయన తెచ్చినదాన్ని అటక మీదికి ఎక్కించేవాడు. వాటిని పరవనిచ్చేవాడూ కాదు, ఒకరికి ఇవ్వనిచ్చేవాడూ కాదు.

దవాఖానలో ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం పక్కన కూర్చున్నాను. దుకాణం సంగతి అడిగాడు, వానల సంగతి అడిగాడు, పక్క మంచం మనిషి జ్వరం సంగతి అడిగాడు. విసుగొచ్చి లేవబోతుంటే అన్నాడు.

"సాయిలు ఇంక ఆడుతాండా?"

"లేదు మామా. వయసైంది గద, మానేసిండు."

దుప్పటి అంచును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఆనాడు నేను అబద్ధం చెప్పినరా. మంచిగుండె మోకాలు."

"అది నాకెందుకు చెప్తవు మామా? ఆయనకు చెప్పు. తీసుకరానా?"

"వద్దు తియ్యి. మల్ల చూద్దాం."

అదీ ఆయన. నేను ఆ పూట కోపంతోనే ఇంటికి వచ్చాను.

ఆయన పోయిన రోజు ఇంటికి జనం విరగబడి వచ్చారు. కూర్చోబెట్టడానికి చాపలు చాలలేదు. అత్తే కళ్ళు తుడుచుకుని అటక వైపు చూపించి, "అవ్వన్ని దించుండ్రి" అంది. దించి హాలులో, అరుగు మీద, వాకిట్లో, చివరికి వీధిలో కూడా పరిచాం. బట్టల బజారు, మిర్చి బజారు అంతా వాటి మీదే కూర్చుంది. ఎండ బాగా ఎక్కాక సాయిలన్న వచ్చాడు. మామను చూసి దండం పెట్టి, నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏటేట వచ్చెటోడు తమ్మీ. గడప కాడ ఆగెటోడు. ఈసారన్న అడుగుతడేమొ అని నేను మగ్గం ఆపెటోణ్ణి."

"అడిగితే?"

"అదే దినం వస్తుంటి గద. ఆయన పిలవాల్ననే ఉండె నాకు."

"నువ్వన్న చెప్పరాదా అన్నా, వస్తనని?"

"నేనెట్ల చెప్త? పిలవంది ఎట్లొస్త?"

ఇద్దరికి ఇద్దరే సరిపోయారు. నాకు ఏడుపొచ్చింది, దానితో పాటే ఒళ్ళూ మండింది. అరిచేద్దామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే నా వైపు చూడటం లేదు. హాలు నుంచి వీధి దాకా పరిచిన తన చేతి పనినే చూస్తున్నాడు. ఒక్కదాని మీదా మరక లేదు, రంగు పోలేదు. ఏళ్ళ తరబడి మడతపెట్టి ఉంచినందుకు పడిన గీతలు మాత్రం లేచి ఉన్నాయి. సాయిలన్న చెప్పులు విడిచి, వంగి, ఆ మడతలను అరచేత్తో ఒత్తి సాపు చేయడం మొదలుపెట్టాడు. ఒకటి అయ్యాక ఇంకొకటి. కూర్చున్నవాళ్ళు జరిగి ఆయనకు చోటిస్తున్నారు.