పాట ఆపొద్దన్న మా అత్త

మా అత్త పోయిందని కుప్పం నుంచి టెలిగ్రాం వచ్చింది. నాయనకు చదివి వినిపించాను. ఆయన రేడియో కట్టేసి, చొక్కా తొడుక్కుని, చెప్పులు వెతుక్కున్నాడు. అత్త ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఇంకా యాభై అయిదు నిండలేదు. గుండె ఆగిందట.

దినాలు ముగిసేదాకా పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకే పాట పాడారు. శాంతమూర్తి అన్నారు. భూదేవికున్నంత ఓర్పు అన్నారు. వింటుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మా అత్తకు ఓర్పు లేదు. ఆమె కోపిష్టి. జీవితమంతా కోపంతోనే బతికింది, ఆ కోపంతోనే చేయగలిగింది చేసింది. మనిషి పోగానే ఆ కోపాన్ని ఆమె దగ్గర్నుంచి గుంజేసుకుని, దండ వేసి, మెత్తటి మనిషిని చేసి కూర్చోబెట్టడం నాకు దొంగతనంలాగే కనబడుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త పుంగనూరులో పుట్టింది. పదమూడో ఏట ఆమెను మేనమామకిచ్చి చేశారు. రామసముద్రం దగ్గర పల్లె. పదిహేనో ఏట కాన్పులో బిడ్డ దక్కలేదు, తనూ చచ్చి బతికింది. అప్పటికి నాయన కుప్పం రైల్వే స్టేషన్లో కొత్తగా ఉద్యోగంలో చేరి ఉన్నాడు. చెల్లెల్ని చూసి వద్దామని పోయినవాడు ఆమెను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. మళ్లీ పంపలేదు. కుప్పంలో బడికి వేశాడు. తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చుని చదివింది. టీచరు ట్రైనింగు అయింది. పుంగనూరులో ఒక ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. తర్వాత నాయన రైల్వే వదిలి మదనపల్లెలో విత్తనాల అంగడి పెట్టాడు. అత్త మాతోనే ఉండి రోజూ పుంగనూరుకు బస్సులో పోయివచ్చేది.

కాఫీ పొగలు కక్కుతుండగానే తాగేది. ఆడపిల్లలు చెయ్యెత్తితే బస్సు ఆపని డ్రైవర్లతో దారిపొడవునా గొడవ పెట్టుకునేది. ఇంట్లో ఎవరైనా "కోపం తగ్గించుకో" అంటే ఆమె జవాబు ఒకటే. "కోపమొస్తే నాకు బుర్ర బాగా పనిచేస్తాది. మీకందరికీ యాల చెడిపోతాదో నాకు తెలీదు."

మా ఇంట్లో ఒక రికార్డు ప్లేయరుండేది. కుప్పంలో నాయనకు స్నేహితుడైన ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరొకాయన ఆస్ట్రేలియా పోతూ దాన్నీ, ఒక పెట్టెడు రికార్డులనూ నాయన చేతిలో పెట్టి పోయాడు. అన్నీ యాభైల నాటి అమెరికా పాటలు, రాక్ అండ్ రోల్ పుట్టిన కొత్తల్లోవి. ఆదివారం భోజనాలయ్యాక నాయన వాటిని వేసేవాడు. వినడానికి ఒక లెక్చరరు వచ్చేవాడు. వినడానికని అంటాను గానీ వచ్చేది వాదించడానికి. ఆ తొలి గాయకులు నిజంగా గొప్పవాళ్లా, లేక మైకు ముందు గంతులేసినవాళ్లా? నల్లవాళ్లు కట్టిన పాటలు తెల్లవాళ్లు పాడి పేరు కొట్టేశారా? ఇంకో ఇరవయ్యేళ్లకు వీళ్లను ఎవరైనా తలచుకుంటారా? నాయన ఒకటంటే ఆయన ఇంకొకటి అనేవాడు. అత్త ఓ మూల కూర్చుని పిల్లల కాంపోజిషన్లు దిద్దుతుండేది. వాదనలో కలిసేది కాదు. కానీ ఒక గాయకుడి పాట వచ్చినప్పుడు మాత్రం చీర కుచ్చిళ్ల కింద ఆమె పాదం ఆడేది. గొంతు చించుకుని పాడతాడు వాడు. ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది. ఆ రికార్డంటే ఆమెకు ప్రాణం.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఒక ఆదివారం ఆ పాట తిరుగుతుండగా లెక్చరరు ఏదో పాత పత్రికలో చదివిన సంగతి చెప్పాడు. ఆ గాయకుడు మంచి పేరులో ఉన్నప్పుడు తన చుట్టాల్లోనే బడికి పోయే వయసు పిల్లను పెళ్లి చేసుకున్నాడట. జనం ఛీ కొట్టారట, కచేరీలు ఆగిపోయాయట.

"ఇదీ వాళ్ల సంస్కృతి. ఇట్లాంటివాళ్లను ఆద్యులని మనం నెత్తిన పెట్టుకుంటున్నాం. వీడి పేరు చరిత్రలోంచి కొట్టేయాలి," అన్నాడు లెక్చరరు.

"పాట వేరు, మనిషి వేరు సార్. మనిషి సెడ్డోడైతే పాటేం జేసింది?" అంటూనే నాయన రికార్డు మీది ముల్లు ఎత్తబోయాడు. చెల్లెలు వింటోందని అప్పుడు గుర్తొచ్చిందేమో.

"పాట ఆపొద్దన్నా. ఆడనీ," అంది అత్త. పెన్సిలు కింద పెట్టింది. "ఎన్నేండ్లంట సార్ ఆ పిల్లకు?"

"పదమూడో, పద్నాలుగో."

"తర్వాత ఏమయింది?"

"వాడికా? మళ్లీ పైకి రాలేకపోయాడు చాలాకాలం."

"వానికి కాదు. ఆ పిల్లకు."

లెక్చరరు నవ్వాడు. "అదెవరు రాస్తారమ్మా?"

"వాడు గొప్పోడా కాదా అని ఇంతసేపు కొట్లాడినారు. వాని పరువు పోయిందని చెప్తిరి. వాని పాటలు నిలుస్తాయా లేదా అని చెప్తిరి. ఆ పిల్లకు పేరు కూడా లేదా సార్?"

"మీకు బాధగా ఉంటుంది, నాకు తెలుసు," అన్నాడాయన, గొంతు తగ్గించి. "కానీ మన మేనరికాలను దీంతో కలపకూడదమ్మా. మనది బాధ్యత. వాళ్లది మోజు."

"పదమూడేండ్ల పిల్లకు ఆ తేడా యాడ తెలుస్తాది సార్?"

పాట అయిపోయి ముల్లు గీరుకుంటూ ఉంది. నాయన లేచి లోపలికి పోయాడు.

ఆ సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తూ అత్త నాతో అంది. "నాకా పాట ఇప్పుడూ ఇష్టమే. యాల ఇష్టమో అని నా మీద నాకే మంటగా ఉండాది."

"రికార్డు పారేద్దామా?" అన్నాను.

"పారేస్తే వాడు జేసింది పోతాదా? ఉండనీ. ఇన్నప్పుడంతా గుర్తొస్తాది."

తర్వాత కొన్ని వారాలకు అత్త క్లాసులో ఒక పిల్ల బడి మానేసింది. ఎనిమిదో తరగతి. లెక్చరరుకు అన్న ఒకాయన పుంగనూరులో ఉండేవాడు, ఆయన కూతురే. కుప్పంలో కిరాణా అంగడి పెట్టుకున్న మేనమామకు ఆమెను ఇస్తున్నారు. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లు నిండాలని చట్టం వచ్చి ఎంతో కాలం కాలేదు. అత్త లెక్చరరును అడిగింది. "మా అన్న ఇంటి విషయం, నేనేం చెప్పగలను," అన్నాడు. అమెరికావాడి పేరు చరిత్రలోంచి కొట్టేయగలిగిన మనిషికి అన్నకు ఒక మాట చెప్పే నోరు లేకపోయింది. చట్టం చూసుకోవాల్సిన ఒక అధికారిని అడిగితే, "మీరు ఆ పిల్లకు ఏమవుతారు?" అన్నాడు.

పెళ్లిరోజు అత్త పుంగనూరు పోయింది. నేనూ వెంట పోయాను. పందిరి దగ్గర ఆమెను ఆపారు. పెళ్లికూతురు తల్లి బయటికి వచ్చింది.

"శుభమా అని పెండ్లి జరగతాంటే ఇదేంది టీచరమ్మా? నువ్వు చేసుకోలేదా, నీ మేనమామను?"

"చేసుకోలేదమ్మా," అంది అత్త. "చేసినారు."

ఆ తల్లి ముఖం ఒక్క క్షణం ఎట్లాగో అయింది. అంతలో లెక్చరరు వచ్చాడు, పట్టుపంచెలో, నుదుట గంధంతో. అత్త ఆయన్ను నలుగురిలో నిలబెట్టి తిట్టింది. పిరికివాడన్నది. పత్రికలు చదివి ఎవరినో ఉరితీసే మగతనం ఇంట్లో యాడికి పోయిందన్నది. మేళం పెద్దది చేయమన్నారు. మంగళవాద్యంలో ఆమె గొంతు మునిగిపోయింది. లోపల తాళి కట్టేశారు.

కబురు తెలిసి నాయన వచ్చి మమ్మల్ని బస్సెక్కించాడు. పరువు తీశావని దారంతా కసురుతూనే ఉన్నాడు. కొంతసేపటికి అత్త అంది. "నన్ను తెచ్చుకున్నావు కదన్నా. ఆ పిల్లకు అన్న లేడు."

కథ అక్కడితో అయిపోతుందని అందరూ అనుకున్నారు. అత్త మాత్రం కుప్పానికి బదిలీ అడిగింది. ఎవరికీ చెప్పలేదు. ఉత్తర్వులు వచ్చాక ట్రంకుపెట్టె సర్దుకుంది. నాయన "యాల?" అంటే, "ఆ పిల్ల ఆడుండాది," అంది. అంతే.

కుప్పంలో ఒక గది తీసుకుని, బడి వదలగానే తిన్నగా ఆ కిరాణా అంగడి ముందుకు పోయి నిలబడేది. అంగడాయనే తర్వాత నాకు చెప్పాడు.

"టీచరమ్మా, దినామూ వస్తాండావు, ఏమన్నా కొంటావా అని అడిగితిని. కొనేదానికి రాలేదప్పా, నీ పెండ్లాన్ని బడికి పంపు అనె. బేరాలు పోతాయని బతిమాలితిని. పోనీ అనె."

అక్క మాట కాదనలేక తాళి కట్టినవాడతను. రాక్షసుడేం కాదు. కానీ రాక్షసుడు కాకపోవడం ఆ పిల్లకు ఏం సరిపోతుంది? కొన్ని నెలలకు విసిగిపోయి పంపాడు. అత్త అక్కడితో ఆగలేదు. చదువు వెనకబడిందని చెప్పి ఆ పిల్లను తన గదిలోనే పెట్టుకుంది. పదో తరగతి అయ్యేదాకా ఒక వంక, ఇంటర్ అయ్యేదాకా ఇంకో వంక. ఆ వంకల వెనక ఏముందో అత్తకు తెలుసు, అంగడాయనకూ తెలుసు. పద్దెనిమిది నిండాక పిల్లను అడిగింది, ఏం చేస్తావని. ట్రైనింగుకు పోతానంది. అయ్యాక తనే నిర్ణయించుకుని భర్త దగ్గరికి పోయింది. ఇప్పుడు కుప్పం దగ్గరి పల్లెలో టీచరు.

మొన్న మదనపల్లెలో సంతాపసభ పెట్టారు. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆ లెక్చరరే. రిటైరై, శాలువా కప్పుకుని వచ్చాడు. పాత ఆదివారాలు తలచుకున్నాడు. పాశ్చాత్య సంగీతం మీద ఆమెతో ఎంతో హుందాగా చర్చలు సాగేవన్నాడు. "ఆమె నోట పరుషమైన మాట నేనెన్నడూ వినలేదు," అన్నాడు.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. అత్త చదివించిన ఆ పిల్లే.

"అబద్ధం చెప్పొద్దు చిన్నాయనా. నా పెండ్లిలో నిన్ను తిట్టింది. నువ్వు ఇన్నావు. పందిట్లో అందరూ ఇన్నారు. మేళం పెట్టినా నాకు పీటల మీదికి ఇనిపించింది."

"బాధలో ఉన్నావు తల్లీ. కూర్చో."

"కూసోను. ఆయమ్మ తిట్టబట్టే నేనీడ నిలబడుకొని మాట్లాడతాండా. ఆ తిట్లు యాల దాస్తారు మీరు?"

ఎవరో మైకు కట్టేశారు. ఆమెకు మైకు లేనే లేదు. కట్టేసింది ఆయనది. నాయన లేచి బయటికి నడిచాడు. ఆమె, నేను ఆయన వెనకే వచ్చేశాం.

బస్టాండులో కుప్పం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఏడుస్తూనే లెక్చరరును తిడుతోంది, గట్టిగా, పేరు పెట్టి. ముందు సీట్లోని ముసలామె వెనక్కి తిరిగి చూసి, తన పక్కనున్న మూట తీసి కాళ్ల కింద పెట్టుకుని, ఇటు వైపుకు జరిగి కూర్చుని వినసాగింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి నిలబడ్డాడు. నోరు మూసుకోమని ఒక్కరూ అనలేదు. బస్సు పుంగనూరు రోడ్డెక్కింది. కిటికీలోంచి బయటికి వచ్చిన ఆమె చేయి, గాలిలో ఎవరినో నిలదీస్తున్నట్టు ఊగుతూ, చాలా దూరం కనబడుతూనే ఉంది.