రెండో భాగంలో అప్పలరాజు గారి గొంతు

డీవీడీలు ఇంకా అమ్ముడుపోతున్న చివరి సంవత్సరాలవి. ఒక జూలై నెలలో విశాఖపట్నంలోని మా డబ్బింగ్ స్టూడియోకి ఓ విదేశీ గూఢచారి చిత్రం రెండో భాగం వచ్చింది. థియేటర్లకి కాదు, నేరుగా ఇళ్లలో చూసుకునే డిస్కుల కోసం. తెలుగు డబ్బింగ్ సూపర్‌వైజర్‌గా ఆ పని నాకు అప్పగించారు.

గూఢచారి సినిమా అనగానే తుపాకులు, కార్లు అనుకుంటారు. ఇందులో అవేవీ లేవు. రెండు గంటలసేపు ఇద్దరు ముసలివాళ్లు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. ఒకడు నిజం దాస్తాడు, రెండోవాడు దాన్ని మాటల్లోనే బయటికి లాగుతాడు. అలాంటి సినిమాని గొంతే మోయాలి. గొంతు తేలిపోయిందంటే చూసేవాడు రిమోట్ నొక్కేస్తాడు.

మొదటి భాగంలో నిజాన్ని బయటికి లాగే ఆ అధికారికి గొంతు ఇచ్చింది అప్పలరాజు గారు. ఊరు పద్మనాభం దగ్గర. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరై, గాజువాకలో స్థిరపడ్డారు. పరిషత్ నాటకాల్లో ఆరితేరిన మనిషి. మైకు ముందు ఆయన ఒక మాట అని ఆగితే, తర్వాతి మాట కోసం మేమందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. మొదటి భాగం బాగా పోయింది. అందుకే రెండో భాగానికి ఆర్డర్ ఇచ్చిన కంపెనీ, అదే గొంతు ఉండాలని రాసి మరీ పంపింది.

మొదటి రోజు ఆయన వచ్చి నమస్కారం పెట్టగానే నాకు తేడా తెలిసింది. గొంతు గీసుకుపోతోంది. లోపల గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని ఆస్పత్రిలో చెప్పారట.

"డాట్రు బేగి కోయించీసుకోమంటన్నాడమ్మా. నానే ఆగమన్నాను. పార్ట్ టూ నా గొంతుతోనే అవ్వాల. అదయిపోతే ఎల్లి బల్ల మీద పడుకుంటాను" అన్నారు.

ఆ మాట వినగానే ఆయన్ని వెనక్కి పంపించాల్సింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, వచ్చారు కదా అని సంతోషించాను.

డబ్బింగులో సినిమాని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. వాటిని లూపులంటాం. ఆర్టిస్టు అద్దాల గదిలో ఒక చెవితో అసలు నటుణ్ణి వింటూ, తెర మీద పెదవుల కదలికకు సరిపోయేలా తెలుగు చెబుతాడు. ఇవతల కూర్చున్న సూపర్‌వైజర్ 'ఓకే' అంటేనే తర్వాతి లూపుకి వెళ్తారు. లూపు నంబరు, డైలాగు, ఫలితం, అన్నీ షీటులో రాసుకోవడం నా పనే.

మధ్యాహ్నం భోజనాల వేళకే సంగతి తేలిపోయింది. ప్రతి వాక్యం చివర గొంతు చిట్లిపోతోంది. ఆ ట్రాక్ డిస్కులోకి వెళ్లే ప్రశ్నే లేదు. మేనేజర్‌కి చెప్పాను. హైదరాబాద్ నుంచి ఇంకో ఆర్టిస్టు రావడానికి మూడు వారాలు పడుతుందనీ, ఈలోగా పెద్దాయనతోనే కానివ్వమనీ, దాన్ని పైలట్‌గా ఉంచుకోమనీ ఆయన సలహా ఇచ్చాడు. పైలట్ ట్రాక్ అంటే ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటిది. దాన్ని ఆసరా చేసుకుని అసలు ట్రాక్ చేస్తారు, పని కాగానే తీసేస్తారు.

నేను సరేనన్నాను. ఎందుకంటే ఆ పాత్ర ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో తెలుగులో తెలిసినవాడు ఆయనొక్కడే. నాకు ఆయన గొంతు పనికిరాలేదు గానీ, ఆయన ఆగడం కావాలి.

రోజు విడిచి రోజు, మొత్తం నాలుగు రోజులు రికార్డింగ్ జరిగింది. వేడినీళ్లు గుక్కెడు తాగడం, ఒక లూపు చెప్పడం, కళ్లు మూసుకుని కూర్చోవడం. ప్రతి లూపుకీ నేను మైకులో 'ఓకే' అన్నాను. షీటులో మాత్రం 'పైలట్' అని రాశాను. అద్దం అవతలికి షీటు కనబడదు. పెద్దాయన మనసు కష్టపెట్టకూడదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అదంతా ఒట్టి పిరికితనం.

పని అక్కడితో అయిపోదు. గొంతులూ శబ్దాలూ కలిపే ఫైనల్ మిక్సింగ్ అయ్యేదాకా కరెక్షన్లు ఉండొచ్చు కాబట్టి, సూపర్‌వైజర్ 'ఇక మీరు వెళ్లొచ్చు' అని చెప్పేవరకు ఆర్టిస్టు అందుబాటులో ఉండాలి. ఇది మా వృత్తిలో కట్టుబాటు. క్రేన్ మీద ఇరవై ఏళ్లు సిగ్నల్ చూసి పనిచేసిన మనిషి, కట్టుబాటు తప్పడు. వారం తర్వాత ఫోన్ చేశారు.

"కరెక్సన్లేటైనా ఉన్నాయామ్మా? ఉంటే సెప్పండి. అవయ్యాకే ఆస్పత్రికెల్తాను."

ఏమీ లేవు, వెళ్లండి అనాలి. అలా అంటే, తన గొంతు ఎలా వచ్చిందని అడుగుతారు. "చూసి చెబుతానండీ" అన్నాను. ఇంకో వారానికి మళ్లీ చేశారు. మళ్లీ అదే చెప్పాను. మూడో వారంలో ఆయన భార్య సత్యమ్మ గారు బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్లిందని తర్వాత తెలిసింది.

హైదరాబాద్ ఆర్టిస్టు వచ్చి, అప్పలరాజు గారి ట్రాక్‌ని చెవిలో పెట్టుకుని, ఆయన ఆగిన చోటల్లా ఆగి పని ముగించాడు. చాలా బాగా వచ్చిందని కంపెనీ మెచ్చుకుంది.

చలికాలంలో డిస్కు బయటికొచ్చింది. ఆర్టిస్టులకు ఒక కాపీ పంపడం ఆనవాయితీ. ఆయనకు నేను పంపలేదు. రెండు రోజుల తర్వాత సత్యమ్మ గారు బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చింది. చేతిలో గాజువాకలో కొన్న డిస్కు.

"ఈ గొంతు ఎవుడిదమ్మా?" అని అడిగింది.

చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేశారట. ఆలస్యం వల్లే అని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆయన పలక మీద ఒకటే రాసి చూపించేవారట, నా గొంతు పార్ట్ టూలో ఉంది అని. డిస్కు పెట్టి పది నిమిషాలు చూసి, లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారట.

"మీకు రికాడింగు సెప్పిన ఆ వారమంతా ఇంట్లో ఒక్క మాట ఆడనేదమ్మా. గొంతు అరిగిపోద్దని నాతో అన్నీ సైగలే. తరవాత కూడా కరెక్సన్లుంటాయని నోరిప్పనేదు. ఉన్నదంతా మీకే ఇచ్చీసినాడు. ఆ టేపు ఉంటాది గదా, అది ఇప్పించండి. బాగునేకపోయినా పర్నేదు. నాను ఇంటాను."

మిక్సింగ్ ఆమోదం పొందాక పైలట్ ఫైళ్లను హార్డ్ డిస్కులోంచి తొలగించాలి. తొలగించినట్టు సూపర్‌వైజర్ సంతకం చేయాలి. అక్టోబరులోనే చేశాను. ఆ మాట ఆవిడకి చెప్పాను.

"ఎవులు సెరిపీసినారు?"

"నేనేనండీ."

ఆవిడ సంచీ తీసుకుని వెళ్లిపోయింది. అప్పలరాజు గారిని చూడ్డానికి నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఆ మరుసటి ఏడాది ఆయన పోయారని ఎవరో చెప్పారు.

ఆ తర్వాత మా షీటులో ఒక గడి పెట్టించాను. ఏ ట్రాక్ అయినా పైలట్ అని రాస్తే ఆర్టిస్టుకి చెప్పి, అందులో సంతకం తీసుకోవాలి. రిటైరయ్యేదాకా ఆ మాట ఎదురుగా కూర్చుని నేనే చెప్పాను. కొందరు ఏడ్చారు, ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లాడు. అందరూ ఆ సాయంత్రానికి తమ ఇళ్లకు వెళ్లి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకున్నారు. మీ గొంతు పనికిరాదని చెప్పడం నా ఉద్యోగంలో భాగం. నేను చెప్పకపోవడం వల్ల ఒక మనిషి ఆఖరి మాటలు ఆయన భార్యకి దక్కలేదు.