మెట్లు కట్టిన చోటు

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతుకి అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా పేరు చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. నన్నెరగని మీకైతే చెప్పగలననిపించింది.

నేను బిల్డింగులకి ప్లాన్లు గీస్తాను. కాశీబుగ్గలో అద్దె గది, అందులో నేనొక్కణ్ణే. అప్పట్లో పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ పని వచ్చింది. ముందు రెండంతస్తుల ఆఫీసు, దాని పక్కన జీడిపిక్కలు కొట్టే షెడ్డు, వెనక పిక్కలు ఆరబెట్టే కళ్లం. నాకు దొరికిన మొదటి పెద్ద పని. ఒళ్లు తెలీలేదు.

పాత షెడ్డులో పిక్కలు కొట్టే ఆడవాళ్లని, కొత్తదాంట్లో ఏం కావాలని నేనే వెళ్లి అడిగాను. వాళ్లలో పెద్దావిడ ఎర్రమ్మ, సుమ్మాదేవి నుంచి రోజూ రైల్లో వచ్చేది. జీడిరసానికి నల్లబడిన వేళ్లతో, రసం అంటకుండా చేతులకి పూసుకునే బూడిద ఇంత తీసి నేలమీద గీత గీసింది. షెడ్డుకీ ఆఫీసుకీ మధ్య ఇక్కడ బాత్రూములు కావాలంది, పక్కనే కొళాయి. రసం చేతులు కడుక్కోకుండా వెళ్తే ఒళ్లు పొక్కిపోతుంది మరి.

అలాగే గీశాను. ఫ్యాక్టరీ షావుకారుకి చూపిస్తే, ఆడోళ్లకి కావాలంటే పెట్టు, అన్నాడు. అంతే. ఆయన ఒప్పుకున్నాడు. ఇది గుర్తుంచుకోండి.

తర్వాత వారం నాకు మెట్ల పిచ్చి పట్టింది. ఆఫీసులో అడుగుపెట్టగానే వంపు తిరిగి పైకెళ్లే మెట్లు. ఎన్నిసార్లు గీసినా చోటు చాలదు. చాలే చోటు ఒక్కటే, ఎర్రమ్మ గీత గీసిన చోటు. బాత్రూముల్ని కళ్లం చివరికి, లారీలు ఆగే చోటికి నెట్టేశాను. కొళాయి సంగతి మరిచిపోయాను. మరిచిపోయానా? లేదు. అంతదూరం పైపు ఎవడు లాగుతాడని వదిలేశాను. షావుకారు మెట్లు చూసి మురిసిపోయి సంతకం పెట్టాడు. బాత్రూముల మాట నేను ఎత్తలేదు.

కట్టడం పూర్తయ్యాక ఎర్రమ్మ వచ్చి అడిగింది. "బాబూ, మేం సెప్పిన కాడ లేదేటి?"

"షావుకారు ఒప్పుకోలేదమ్మా. ఎంతో చెప్పి చూశాను," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

"పోన్లే బాబూ. నువ్వు అడిగినావు, అదే సాలు. మేం నీల్లు తాగడం తగ్గించేత్తాం."

తగ్గించేశారు. పొద్దున్న ఇంట్లో గ్లాసుడు, మళ్లీ సాయంత్రం రైలెక్కాకే. డ్రైవర్ల కళ్లముందు నుంచి అంతదూరం నడిచేకంటే అదే నయమనుకున్నారు.

మా ఉద్దానం పల్లెల్లో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో పెద్ద డాక్టర్లకే అంతుపట్టలేదు. ఎర్రమ్మవీ పోయాయి. నా మెట్ల వల్లేనా? కాదని ఎవరైనా అంటే బాగుణ్ణు. కానీ వాళ్లు అనాలంటే ముందు నేను చెప్పాలి కదా. ఆ భయంతోనే ఎవరితోనూ దగ్గరవలేదు. దగ్గరైతే నోరు జారుతానని. ఆ మెట్లు చూసి నాకు బోలెడు పనులొచ్చాయి. జనం పొగిడితే తల దించుకుంటాను. అణకువనుకుంటారు.

కిందటి నెల బస్టాండులో ఎర్రమ్మ కనిపించింది, డయాలసిస్ నుంచి వస్తూ. తప్పుకుపోదామనుకున్నాను. పిలిచింది. పక్కనున్న కూతురికి నన్ను చూపించింది.

"ఈ బాబే. మాకోసం సావుకారితో మాటాడినోడు. ఆ మడిసే ఇన్లేదు."

అప్పుడైనా చెప్పాల్సింది. బస్సొచ్చింది. చెయ్యి పట్టుకుని ఎక్కించాను, అంతే.

షావుకారు ఒప్పుకున్నాడు. తీసేసింది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఎర్రమ్మకి మాత్రం నేనింకా మంచివాణ్ణే.